బయటి చెయ్యి

ఊరు దాటాక, పెద్ద రోడ్డు మలుపులో షట్టర్ వేసి ఉన్న ఓ రేకుల షెడ్డు ఉంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్ళే బండ్లు ఉన్నట్టుండి ఆగిపోతాయంటారు. లోపల పానా కింద పడ్డ చప్పుడు... ఆ వెంటనే ఎవరో దాన్ని తిట్టిన చప్పుడు... వినిపిస్తాయంటారు.

ఆ షెడ్డు ఒకప్పుడు పానా మేస్త్రిది. జాకీ జారి, బండి మీద పడి పోయాడని అందరూ చెప్పుకుంటారు. నిజానికి ఆయన పోయింది ఇంట్లో, స్నానాల గదిలో కాలు జారి. దెయ్యం కథకి అది అంతగా పనికిరాదు కనక ఎవరూ చెప్పరు.

అక్కడ మా బావకి జరిగింది చెప్తాను. బావ నాకు ఎలా చెప్పాడో అలాగే చెప్తాను.

మా బావకో పాత స్పోర్ట్స్ కారుంది. ఎర్రది, రెండే సీట్లు, పైన మడత పెట్టే గుడ్డ కప్పు. మా అక్క దాన్ని "సవతి" అంటుంది. కొన్నరోజే అక్క షరతు పెట్టింది — "వారంటీ ఉన్నన్నాళ్ళే ఇది మన గుమ్మంలో ఉంటుంది. వారంటీ పోయిన రోజు ఇదీ పోవాలి." బావ సరేనని ఒట్టేశాడు. అక్కకి ఇచ్చిన మాట తప్పి బాగుపడ్డ మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, మా నాన్నతో సహా.

అందుకని బావ ఏటేటా షోరూంకి వెళ్ళి ఆ వారంటీ పొడిగించుకుంటూ వచ్చాడు. వాళ్ళ షరతూ ఒక్కటే. బండి మీద బయటి చెయ్యి పడకూడదు. పడితే ఇట్టే తెలిసిపోతుంది — వాళ్ళు బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెడతారు. వేరేవాడు పానా వేశాడంటే ఆ చుక్క పగిలిపోతుంది.

"ఈ వయసు బండికి షోరూం ఎందుకు బావా? మా వీధి గ్యారేజీలో చూపించు" అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. షోరూంలో అద్దాల గోడ ఉంటుంది, మెత్తటి సోఫా ఉంటుంది, కాఫీ ఇస్తారు. రోగం మాత్రం కుదర్చరు. బావ బండి వేడెక్కితే ఆగిపోయేది, చల్లారితే నడిచేది. తీసుకెళ్ళినప్పుడల్లా కంప్యూటర్ తగిలించి, ఏ లోపమూ లేదని చెప్పి, కడిగి తుడిచి ఇచ్చేవాళ్ళు. తుడవడం మాత్రం చాలా బాగా తుడిచేవాళ్ళు.

ఆ రాత్రి అది సరిగ్గా ఆ మలుపులోనే ఆగింది.

బావ షోరూం వాళ్ళకి ఫోన్ చేశాడు. బండిని ఎత్తుకెళ్ళే లారీ పొద్దున్నే వస్తుందన్నారు. "అంతవరకూ ఎవరినీ ముట్టుకోనివ్వకండి సార్" అని మరీ మరీ చెప్పారు.

రోడ్డు మీద పురుగు లేదు... ఆకు కదలడం లేదు. మా బావ పిరికివాడేం కాదు — మా అక్కతో కాపురం చేస్తున్నాడు. అయినా, వెనకాల షట్టర్ దానంతటది సగం పైకి లేచేసరికి ఒక్క గెంతు గెంతాడు.

లోపల మసక బల్బు. దాని కింద ఏదో కారు. కారు కింద ఎవరో పడుకుని ఉన్నారు... పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. బావ ఒంగి, ఆ పాదాలవంక జాగ్రత్తగా చూశాడు. వేళ్ళు పైకి ఉన్నాయి. వెల్లకిలా పడుకున్న ఏ మేస్త్రికైనా అలాగే ఉంటాయి... దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేకపోయాడు.

"వేడెక్కితే ఆగుతోందా?" — కారు కింద నుంచి గొంతు.

"అ... అవునండీ."

"షోరూం వాళ్ళేమన్నారు?"

"ఏ లోపమూ లేదన్నారు."

కారు కింద నుంచి పెద్ద నిట్టూర్పు. చల్లటి గాలి వచ్చి బావ కాళ్ళకి తగిలిందట.

ఇంకొకడైతే కాళ్ళకి బుద్ధి చెప్పేవాడు. మా బావ మాత్రం చేతులు జోడించి, గుసగుసగా అన్నాడు — "అయ్యా... తమరెవరైనా సరే, నా బండి మాత్రం ముట్టుకోకండి. వారంటీలో ఉంది."

దెయ్యమైనా ఏం జవాబు చెప్తుంది?

"తాళం సీటు మీద పెట్టి ఇంటికి పో" అంది గొంతు చివరికి. "పొద్దున్న రా."

"వద్దండీ... లారీ వస్తుంది... బండి రోడ్డు మీదే ఉండనివ్వండి..." అంటూ బావ వెనక్కి తిరిగాడు.

రోడ్డు మీద బండి లేదు.

మెల్లగా మళ్ళీ షెడ్డులోకి చూశాడు. ఎర్రది... రెండే సీట్లు... మడత పెట్టిన గుడ్డ కప్పు. ఆ పాదాలున్నది తన బండి కిందే.

తాళం సీటు మీద పెట్టాడు. ఇంటికి ఎలా చేరాడో మాత్రం తెలియదట. అక్క తలుపు తీసి, "సవతి ఏదీ?" అంది.

"సర్వీసింగులో ఉంది" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

తెల్లారి వెళ్ళేసరికి బండి రోడ్డు పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. తాళం సీటు మీద ఉంది. షట్టర్ ఏళ్ళ తరబడి కదలనట్టు తుప్పుపట్టి, తాళం వేసి ఉంది. బావ బండెక్కి అటూ ఇటూ బాగా వేడెక్కేదాకా తిప్పాడు. ఎక్కడా ఆగలేదు. సంబరంగా బానెట్ ఎత్తి చూశాడు... పసుపు చుక్క పగిలి ఉంది.

దెయ్యాన్ని చూసినప్పుడు వెయ్యని కేక అప్పుడు వేశాడట.

ఇంతలో లారీ వచ్చింది. నడుస్తున్న బండిని ఎత్తి పెట్టుకుని షోరూంకి తీసుకెళ్ళింది. రూలు అంతే.

షోరూంలో ఫోర్‌మన్ అని ఓ పెద్దాయన ఉంటాడు. వారంటీ ఉందో పోయిందో తేల్చేది ఆయనే. పగిలిన చుక్క చూశాడు. దాని పక్కనే ఓ వైరుకి కొత్తగా నల్ల టేపు చుట్టి, టేపు చివర ఊడకుండా దారంతో ముడి వేసి ఉంది. ఆ ముడి వంక చాలాసేపు చూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు సార్?"

బావకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఉన్నదంతా చెప్పేశాడు. "వారంటీ పోయిందంటే మా ఆవిడ దీన్ని అమ్మించేస్తుందండీ. ఇచ్చిన మాట తప్పలేను. దీన్ని వదలనూలేను" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయట. నాకు చెప్పేటప్పుడు కూడా తిరిగాయి.

ఫోర్‌మన్ లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"తాళం సీటు మీద పెట్టి పొమ్మన్నాడా?"

"అవును."

"మాకూ అదే చెప్తాడు."

బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇక్కడ తేలని బండ్లన్నీ మేమూ అక్కడే వదులుతాం సార్. రాత్రి వదిలి, పొద్దున్న తెచ్చుకుంటాం. మీదీ పంపుదామనే అనుకున్నాం. ముందున్నవి చాలా ఉండి వంతు రాలేదు."

"అంత గొప్ప మేస్త్రా?"

"చచ్చినవాడి కళ్ళు చారెడు అని నేను చెప్పను సార్. బతికున్నప్పుడు అంతంతమాత్రమే. అన్నీ తొందరే. ఇప్పుడే తీరిక దొరికింది."

ఫోర్‌మన్ సొరుగులోంచి చిన్న బ్రష్షు తీసి, పగిలిన చుక్క మీద కొత్త పసుపు చుక్క పెట్టాడు. "బయటి చెయ్యి పడిందని నేను రాయడం మొదలుపెడితే, ఈ షోరూంలో ఏ బండికీ వారంటీ మిగలదు" అన్నాడు.

బావ అటునుంచి అటే మా ఇంటికి వచ్చాడు. వీధిలోనే, బండి దిగకుండా ఇదంతా చెప్పాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావురా? ఎంతైనా షోరూం షోరూమే" అన్నాడు చివర్లో.

"అక్కకి చెప్పావా?"

"ఫోన్ చేశాను. వారంటీ ఉందా అంది. ఉందన్నాను. అంతకుమించి అడగలేదు."

నాకు ఊరికే ఏడిపించాలనిపించింది. "అంతసేపు మాట్లాడావు కదా బావా, ఈ డొక్కు ఇంకెన్నాళ్ళు నడుస్తుందో ఆ మేస్త్రినే అడగలేకపోయావా?"

"అడగకేం! తాళం పెట్టేటప్పుడు అడిగాను."

"ఏమన్నాడు?"

"'నువ్వున్నన్నాళ్ళకి సరిపోతుందిలే' అన్నాడు" అన్నాడు బావ మురిసిపోతూ.

నాకు నవ్వు రాలేదు. అక్క మొహం కళ్ళ ముందు మెదిలింది. భయమేసింది.

"బావా... ఇవాళ్టికి బండి ఇక్కడ వదిలేసి, నడిచి వెళ్ళు" అన్నాను.

"నీకేమైనా పిచ్చా?" అని నవ్వి బావ తాళం తిప్పాడు. ఎన్నడూ లేనిది, బండి ఒక్కసారికే అందుకుంది.