పంచని బాదంపప్పులు

“మనవరాలు పుట్టి ఇన్నాళ్ళయింది కదా ఎర్సీలియా! గుమ్మానికి గులాబీ రిబ్బను లేదు, మా నోట్లో బాదంపప్పు పడలేదు... ఆడపిల్లని మొహం మాడ్చుకున్నావా ఏంటి?”

పొరుగింటి నున్జియాతా వీధిలోంచి విసిరిన ఈ మాట కిటికీ దగ్గరున్న లోరెతా గుండెల్లో ముల్లులా దిగింది. గుమ్మంలో ఉన్న అత్తగారు ఎర్సీలియా దఢాలున తలుపు వేసుకుని లోపలికి వచ్చేసింది!

సుల్మోనా ఊళ్ళో బిడ్డ పుడితే గుమ్మానికి రిబ్బను కట్టి, పంచదార పూసిన బాదంపప్పులు ఐదేసి చొప్పున పల్చటి గుడ్డలో, ఆడపిల్లకి గులాబీ, మగపిల్లాడికి నీలం, మూటగట్టి వీధంతా పంచుతారు. పంచలేదంటే ఆ ఇంట్లో బిడ్డ పుట్టనట్టే లెక్క.

లోరెతాకు నెలలు నిండకుండానే కాన్పయింది. పాప లాక్విలా పట్నం ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంది. భర్త పాన్ఫిలో అక్కడే కాపలా ఉన్నాడు. తల్లిని మాత్రం ఇంటికి పంపేశారు... ఒడిలో బిడ్డ లేకుండా! చేపుకొచ్చిన రొమ్ములతో, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ టెలిఫోనుకీ మధ్య తిరుగుతోందామె. మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం! చేతులు ఊరుకోక బీరువాలో దుప్పట్లు సర్దబోయింది. వాటి వెనక గులాబీ మూటలు... ముడి వేసి మరీ దాచినవి!

ఒళ్ళు మండిపోయింది లోరెతాకు.

“ఎందుకు దాచారత్తయ్యా? నా కూతురు మీ లెక్కలోకి రాదా? బతికితేనే మనవరాలా?”

“ఛీ, నోర్ముయ్! ఆ మాట అనకు!” అంటూ ఎర్సీలియా కుర్చీలో కూలబడింది. కోపం ఎటు పోయిందో, ఏడుపు తన్నుకొచ్చింది. “పోయినసారి బాబు పుట్టగానే నీలం మూటలు పట్టుకుని వీధంతా ఊరేగాను కదే! సాయంత్రానికల్లా వాడు మనకి లేకుండా పోయాడు... తెల్లారి తలుపు తీస్తే గుమ్మం నిండా మూటలే! తినడానికి మనసొప్పక ఎవరికి వాళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళారు. నీ కంట పడకుండా అన్నీ నేనే ఏరుకున్నాను. నా సంబరమే వాడికి దిష్టయిందమ్మా! మళ్ళీ ఈ చేత్తో ఎలా పంచమంటావు?”

లోరెతా నిలువునా కరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈమెది రాతిగుండె అనుకున్నందుకు సిగ్గేసింది. అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఆ చేతులు పట్టుకుంది.

“దిష్టి కాదత్తయ్యా... మీరు పంచబట్టే ఆ ఒక్కరోజైనా వీధంతా వాడి గురించి చెప్పుకుంది! లేకపోతే వాడు వచ్చి వెళ్ళాడని నాకు తప్ప ఎవరికి తెలుసు? నా పాపకి ఆ మాత్రం కూడా దక్కనివ్వరా?”

ఎర్సీలియా లేచి మూటలన్నీ బుట్టలో వేసుకుంది. గుమ్మానికి రిబ్బను కట్టబోతే చంకలో బుట్టతో ముడి పడలేదు. లోరెతా వచ్చి రెండో కొస పట్టుకుంది.

అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి నున్జియాతా తలుపు తట్టింది ఎర్సీలియా.

“అయ్యో, వచ్చావా! పాపకెలా ఉందమ్మా?”

“ఇంకా తెలీదే... డాక్టర్లే చెప్పలేకపోతున్నారు.” ఎర్సీలియా మూట ఆమె చేతిలో పెట్టింది. “పుట్టింది! అది చెప్పడానికే వచ్చాను.”

నున్జియాతా అక్కడే ముడి విప్పి ఒక పప్పు నోట్లో వేసుకుంది. ఎర్సీలియా కళ్ళయినా తుడుచుకోకుండా పక్క గుమ్మం వైపు నడిచింది.