కన్నారావు భుజం మాత్రమే అచ్చయింది

"ఈ ఫొటో కోసినవాళ్లు ముందు లేచి నిలబడండి!"

దీవిలోని అబర్డీన్ బజార్ మేడమీది హాల్లో పద్మిని వేసిన ఆ కేకకి ఫ్యాన్లు తప్ప అన్నీ ఆగిపోయాయి. వేదిక మీద వీరరాఘవయ్య, శారదాదేవి ఉన్నారు. జీవితమంతా పత్రికలకి ఫొటోలు తీసిన భార్యాభర్తలు. ఓ వారపత్రిక పెట్టిన సభలో కుర్ర ఫొటోగ్రాఫర్లకి నాలుగు మంచి మాటలు చెబుదామని హైదరాబాద్ నుంచి వచ్చారు. 'మంచి వెలుగు కోసం ఓపిక పట్టాలి' అన్న దగ్గరున్నారు.

ఓపిక! పద్మినికి ఆ మాట వింటేనే ఒళ్లు మండింది. చేతిలో ఉన్న ఆ వారపత్రికని గాల్లో ఊపింది.

"నేను తీసిన ఫొటో ఇది. లైఫ్‌లో ఫస్ట్ టైమ్ పుస్తకంలో పడింది. బాంబూఫ్లాట్ ఫెర్రీలో స్టీరింగ్ దగ్గర మా నాన్న. ఏడీ, ఇందులో నాన్న ఏడీ? భుజం ఉంది, బస్! మిగతాదంతా సముద్రమే. సముద్రం మాకు కొత్తా? కిటికీ తీస్తే అదే కదా!"

జనం నవ్వారు. పద్మిని నవ్వలేదు. తన ఫొటో వస్తోందని తండ్రి కన్నారావు పడవలాగే జెట్టీలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. పత్రిక రాగానే అందరిముందూ పేజీ తిప్పాడు. "బాగుందమ్మా, నీళ్లు బాగా పడ్డాయి" అని మడిచి పక్కన పెట్టాడు. అప్పట్నించీ కూతురు కెమెరా ఎత్తితే చాలు, తప్పుకుంటున్నాడు. కన్నతండ్రే తప్పుకునే కెమెరా ఎందుకు? ఈ పెద్దమనుషుల్ని కడిగేసి, దాన్ని మూలన పడేద్దామనే పద్మిని వచ్చింది.

ప్రొజెక్టర్ దగ్గరున్న యువకుడు లేచాడు.

"నేనేనండీ. గోపినాథ్. ఆ పత్రికలో ఫొటోలు చూసేది నేనే."

"ఎందుకు కోశారు?"

"వెనక వాన మీద వెలుగు చాలా బాగుంది. ముందున్న మనిషి అడ్డొచ్చాడనుకున్నాను."

"అడ్డమా! రోజూ ఊరందర్నీ ఒడ్డు దాటించే మనిషి మీకు అడ్డమా? వాయిస్ మెసేజ్‌లో చెప్పాను కదా!"

పద్మినికి తెలుగు మాట్లాడటం గలగలా వచ్చు. రాయడమే రాదు. అందుకే ఫొటో కింద రాయాల్సినదాన్ని నోటితో చెప్పి పంపింది.

"పేజీ ప్రెస్‌కి వెళ్లాక విన్నాను," గోపినాథ్ తల దించుకున్నాడు. "రాసిందేమీ లేదు కదా అని ఫొటో ఒక్కటే చూశాను."

"చూశారు, కోశారు. వాహ్ భయ్యా!"

శారదాదేవి మైకు లాక్కుంది.

"ఓపిక పాఠం కొట్టేయండి. నా మొదటి ఫొటోలో పెళ్లికూతురి నాయనమ్మని కత్తిరించేశారు. కత్తిరించిన మహానుభావుడు ఈయనే."

వీరరాఘవయ్య దగ్గాడు. శారదాదేవి ఆగలేదు.

"ఆ కోపంతోనే ఇన్నేళ్లు పనిచేశాను. ఫొటో పంపేసి ఇంట్లో కూర్చోకూడదమ్మా, కోసేవాడి నెత్తిన కూర్చోవాలి. నువ్వు కెమెరా మానేస్తే వాడికే హాయి."

"మరి ఈయన్ని క్షమించేశారా?" అడిగింది పద్మిని.

"ఇంకా లేదు. పెళ్లి చేసుకున్నానంతే."

హాలు గొల్లుమంది. పద్మినికీ నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. విసురుగా మెట్లు దిగిపోయింది.

బయట వాన. గోపినాథ్ గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకేటి కావాలి?"

"మీ నాన్నగారికి సారీ చెప్పాలి. ఈ కార్యక్రమం ఇక్కడే పెట్టాలని నేను పట్టుబట్టింది అందుకే."

"ఫోన్‌లో చెప్పలేరా?"

"ఫోన్ తీస్తే మీ మెసేజే వింటున్నాను. 'సార్, ఇది మా నాన్న. ఇతన్ని ఎవరూ ఫొటో తియ్యరు, నేను తీశాను.' మొదట్లో తప్పు గుర్తుండాలని విన్నాను. తర్వాత... ఆ గొంతు కోసం."

"సిగ్గు లేదూ?" అంది పద్మిని. అయినా గొడుగు కిందికి జరిగింది. "సరిగ్గా పట్టండి. ఇది కూడా సగమేనా?"

ఇద్దరూ వెళ్లేసరికి చాథం జెట్టీలో కన్నారావు ఫెర్రీ కట్టేసి ఉంది. గోపినాథ్ దాచకుండా అంతా చెప్పాడు. కన్నారావు అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"అయితే నువ్వేనేటి, నన్ను కోసీసినోడివి?"

"నేనేనండీ." ఫోన్‌లో కొత్త పేజీ చూపించాడు. నిండా కన్నారావు, చేతుల్లో స్టీరింగ్, వెనకాల వాన. "మీ అమ్మాయిగారు సరే అంటేనే ప్రెస్‌కి వెళ్తుంది."

కన్నారావు చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాపా, ఆ కెమెరా ఇలాగియ్యి. ఇద్దరూ అక్కడ నిలబడండి."

క్లిక్‌మంది. ముగ్గురూ వంగి చూశారు. ఫొటోలో పద్మిని నిండుగా ఉంది. గోపినాథ్‌ది భుజం మాత్రమే ఉంది.

"ఎలుతురు బాగుంది గానీ," అన్నాడు కన్నారావు అమాయకంగా, "మద్దెన ఈ మనిషి అడ్డొచ్చాడు."

పద్మిని అతని వైపు చూసింది. కోపం సగం కూడా తగ్గలేదు. అయినా అతని తడిచొక్కా చేయి పట్టుకుని దగ్గరికి లాగింది.

"నాన్నా, మళ్లీ తియ్యి. ఈసారి ఇతన్ని కోయకు."