ఆనించిన గొడ్డలి

సోమశిలకు ఎగువన గుట్ట మీది అడవిని తాతల నాటి నుంచి ఊరే కాపాడుకునేది. ఎవరికి కట్టె కావాలన్నా ముందు రోజు సాయంత్రం చెట్టుకు గొడ్డలి ఆనించి రావాలి. తెల్లారేసరికి గొడ్డలి పడిపోయి ఉంటే ఆ చెట్టు జోలికి పోరాదు. నిజాం జమానాలో ఒక ఎండాకాలం జంగ్లాత్ అనే అటవీ శాఖ జవాన్లు వచ్చి, అడవి ఇక గుత్తేదారుదన్నారు, చెట్లు కొట్టమన్నారు. ఊళ్లో ఒక్కడూ గొడ్డలి పట్టలేదు. అడ్డం తిరిగిన దశరథాన్ని కొట్టి, గుట్ట కింది చౌకీలో గుంజకు కట్టేశారు.

అతని అన్న నాగన్నకు జవాను ఒకటే మాట చెప్పాడు. మొదటి చెట్టు ఊరివాడిగా నువ్వు కొట్టు, తమ్ముణ్ణి విడిచిపెడతాం. ఒక్కడు కొడితే ఊరి హక్కు పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు. నాగన్న ఒప్పుకున్నాడు. ఏగిస మానుకు గొడ్డలి ఆనించి వస్తానని మాత్రం అడిగాడు.

"అడుగు పో. ఉర్దూల జవాబిస్తే నాకు చెప్పు," అన్నాడు జవాను.

తెల్లవారుతుండగా నాగన్న ఒక్కడే ముందు వెళ్లాడు. గాలి లేదు. ఇప్పపూల తీపి వాసన మధ్య ఏదో పచ్చి వాసన. గొడ్డలి నేల మీద పడి ఉంది.

అటూ ఇటూ చూశాడు. ఎత్తి మళ్లీ ఆనించాడు.

"పడలే గదరా?" వెనక జవాను.

"పడలే, సాబ్."

మొదటి దెబ్బ. ఏగిసకు ఎర్రటి జిగురు కారడం కొత్త కాదు. కానీ ఇది వెచ్చగా ఉంది. రెండో దెబ్బ... కింద చౌకీలో దశరథం కేక.

"వాణ్ణి కొడుతుండ్రా, సాబ్?"

జవాను చెవి ఒగ్గి విన్నాడు. అతని ముఖం పాలిపోయింది. "నీ పని కానీ. జల్ది."

చెట్టు ఎంత తొందరగా పడితే తమ్ముడు అంత తొందరగా బయటపడతాడనుకున్నాడు నాగన్న. దెబ్బ... కేక. దెబ్బ... కేక. చేతులూ ముఖమూ ఎర్రబడ్డాయి. మాను విరిగింది. కేక సగంలో తెగింది.

నాగన్న పరుగున చౌకీకి వచ్చాడు. కాపలావాడు బయట కూర్చుని కక్కుకుంటున్నాడు. ఎవరూ లోపలికి పోలేదని, ఎవరూ ముట్టలేదని అదే మాట చెబుతున్నాడు. లోపల దశరథం గుంజకే ఉన్నాడు. నడుముకు రెండు వైపులా గొడ్డలి గాట్లు, మధ్యలో తెల్లటి ఎముక. నాగన్న తాళ్లు కోశాడు. పైసగం అతని చేతుల్లోకి ఒరిగింది. కాళ్లు అట్లాగే నిలబడ్డాయి.

ఊరివాళ్లు వచ్చి లాగారు. రాలేదు. పాదాలు మట్టినేలలో దిగి ఉన్నాయి. తవ్వారు. మోకాలి లోతు తవ్వినా పాదం కనిపించలేదు. నడుము లోతు తవ్వారు... అక్కడా కాలు మాత్రమే.

దశరథం భార్య ఈదమ్మ గుంతలోకి దిగి, ఆ కాలి మీద చేయి వేసింది. చాలాసేపు తీయలేదు.

"తవ్వకుండ్రి," అంది మెల్లగా. "దిగుతుంది... ఇంకా దిగుతుంది."