ఆరు వారాల నాడి

ఉదయం ఏడున్నరకి నాన్న వంటగదిలో బల్ల ముందు కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఎదురుగా కూతురు ఫోను చూస్తోంది. ఫోనులో ఆయన నాడి నూట ముప్ఫై రెండు.

"నాన్నా, నువ్విప్పుడు పరుగెడుతున్నావు."

"ఎవరు, నేనా?"

"చెయ్యి చూపించు."

ఆయన ఎడమ చేతిని పేపరు కిందకి లాక్కున్నాడు. నెలన్నరగా ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేస్తున్నాడో ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఆమెకి నలభై ఏళ్లు. పదహారేళ్లు ల్యాబులో రక్తపరీక్షలు చేసి, ఆ ఉద్యోగం మానేసి ఎమ్మెస్సీలో చేరింది. ఒంటి మీది పరికరాలు పంపే అంకెలు చూసి, దూరం నుంచే మనిషికి ఆరోగ్య సలహా చెప్పే చదువు అది. చివరి ప్రాజెక్టుకి ఆరు వారాలు ఒకరిని గమనించాలి. నాన్న చేతికి నాడి కొలిచే పట్టీ కట్టింది. రిపోర్టు సోమవారం ఇవ్వాలి.

"పట్టీ ఎవరికిచ్చావు?"

"బ్యాంకులో చేస్తాడే, మన వీధి చివరి అతను. నా దగ్గర పరుగు నేర్చుకున్నవాడేలే."

"ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచి."

"డెబ్బై ఏళ్ల మనిషికి ఇంత గట్టి గుండేంటని మా ప్రాజెక్టు మేడమ్‌కి చూపించి మురిసిపోయాను కద నాన్నా! ఎందుకు చేశావిలా?"

"నా అంకెలు బాగోకపోతే నీకు మార్కులేం వేస్తారే?"

"మార్కులు నీ గుండెకి కాదు నాన్నా, నా సలహాకి!"

"నేననేదీ అదే కదా!"

ఆమె లేచి సింకు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ముప్ఫయ్యొక్కేళ్లు డ్రిల్ మాస్టారు. చిన్నప్పుడు బడి మైదానంలో ఆమె పరుగు ఆపితే, మెడ మీద రెండు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టేవాడు. తిట్టేవాడు కాదు. ఎక్కడ ఇబ్బందిగా ఉందని అడిగేవాడు. ఆరు వారాల్లో ఆమె ఆయనకి నలభై రెండు మెసేజ్‌లు పంపింది. 'శభాష్.' 'ఇంకో వెయ్యి అడుగులు.' వాటిలో ప్రశ్న ఒక్కటీ లేదు.

"నాన్నా, నడిస్తే ఏమవుతోంది?"

ఆయన పేపరు మడిచాడు. మళ్లీ మడిచాడు.

"రెండో సందు మలుపు దగ్గర ఆయాసం. రెండేళ్లయింది."

"అమ్మతో రోజూ నడిచేవాడివిగా?"

"మీ అమ్మ ఉన్నప్పుడు ఆగితే, చూసినవాళ్లు ఆవిడ కోసం ఆగాననుకునేవాళ్లు."

ఆమె మొహం తిప్పుకుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు పరీక్షలు చేసి, మందులు రాసి, నెమ్మదిగా నడవమన్నాడు. జరిగింది మేడమ్‌కి దాచకుండా చెప్పింది. చదువు ఆర్నెల్లు వెనక్కి వెళ్లింది.

తర్వాతి సోమవారం ఇద్దరూ నడకకి బయల్దేరారు. పట్టీ ఆయన చేతికే ఉంది. ఎదురుగా ఆయన పాత శిష్యులిద్దరు వస్తున్నారు. రెండో సందు మలుపులో ఆయన నడక తగ్గింది. ఆమె వంగి చెప్పు సర్దుకోబోయింది.

"నీ చెప్పు బాగానే ఉంది," అన్నాడు డ్రిల్ మాస్టారు గోడ పట్టుకుని, వాళ్లకి వినపడేలా. "ఆగింది నేను. అలాగే రాసుకో."