ఉప్పునీళ్ల తొట్టిలో పురుగులు

పొద్దున్నే హాల్లో లైటు వేసిన స్వర్ణ "అమ్మో!" అని వెనక్కి జరిగింది. గాజుతొట్టి అడుగున, రాళ్ల సందుల్లో, గొంగళిపురుగుల్లా ముళ్లున్న ఎర్రటి పురుగులు కుప్పలుగా కదులుతున్నాయి. నిన్నటికంటే ఇవాళ ఇంకా ఎక్కువ.

సూర్యాపేటలో సముద్రం చేపలేమిటని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ! బడిలో సైన్సు చెప్పే ఈ కోదాడ ఆడపిల్లకు అదొక పిచ్చి. హైదరాబాద్ నుంచి తొట్టి తెప్పించుకుని, కొలత తప్పకుండా నీళ్లలో ఉప్పు కలిపి, రెండు నారింజరంగు చేపలను కంటికి రెప్పలా సాకుతోంది. "ఉప్పునీళ్లల్ల ఏస్తే చేప ఊరగాయైతది గని బతుకుతదా?" అని అత్త దుర్గమ్మ మొదటిరోజు బుగ్గలు నొక్కుకుంది. పెన్‌పహాడ్‌లో గొర్లమందను అమ్మేసి, భర్త ఎర్రయ్యతో కొడుకింటికి వచ్చిన కొత్తల్లో మాట అది. ఇప్పుడు ఆమె కుర్చీ కూడా తొట్టి ముందే ఉంటుంది.

"ఎల్లుండి ఆదివారం దాక సూస్త. ఈ పురుగులు పోకపోతే తొట్టే పోతది. వాసనకు అన్నం సయిస్తలేదు," అన్నాడు భర్త ధర్మేందర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"తొట్టి పోతే నేనూ కోదాడ పోతా," అంది స్వర్ణ. మాటకు మాట అన్నదే గానీ, వెంటనే చేపల దుకాణం అతనికి ఫోన్ చేసింది.

"మేత ఎక్కువైతే, మిగిలింది తిని పురుగులు పెరుగుతయి మేడం. మీరెంత ఏస్తున్నరు?"

"పొద్దున ఒక్క చిటికెడేనండీ."

"అయితే ఇంకెవరో ఏస్తున్నరు. రెండు రోజులు మేత బంద్ పెట్టుండ్రి, చేపలకేం గాదు. సీసాకు సన్న బొక్కలు పెట్టి, లోపల రొయ్యముక్క ఏసి తొట్లె దించుండ్రి. పురుగులు అండ్లకే వస్తయి. చేత్తోని మాత్రం ముట్టకుండ్రి, ముళ్లు దిగుతయి."

ఫోను పెట్టి తిరిగి చూస్తే ఏముంది! దుర్గమ్మ జొన్నరొట్టె తుంచి తొట్టిలో వేస్తోంది.

"అత్తమ్మా! మీరా? నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, దీన్ని పాడుచేస్తున్నది మీరా? ఇంకోసారి ఆ తొట్టి మీద చెయ్యి వేయకండి! రెండు రోజులు వాటికి మేతే లేదు!"

దుర్గమ్మ మొహం చిన్నబోయింది. "తప్పయింది బిడ్డా," అని రొట్టె అక్కడే పెట్టి లోపలికి పోయింది.

ఆ పూట దుర్గమ్మ తినలేదు. రాత్రీ తినలేదు. అడిగితే "ఆకలైతలేదు" అని ఒకటే మాట. మర్నాడు సీసా పైకి తీస్తే దాన్నిండా పురుగులే, కానీ స్వర్ణకు సంతోషం ఎక్కడిది? అత్త టీ కూడా ముట్టలేదు. కోడలికి ఒళ్లు మండింది.

"ఒక్క మాటకే ఇంత అలకా మామా? పస్తుండి పడిపోతే కోడలు మాడ్చి చంపిందంటారు!"

"అలక గాదమ్మా," అన్నాడు ఎర్రయ్య. "నోరు లేని జీవాలకు పెట్టకుండ మనం తింటమా? మంద ఉన్నన్ని ఏండ్లు గొర్లు మేసినంకనే మీ అత్త బుక్క నోట్లె పెట్టింది. జరమొచ్చినా గంతే. ఇప్పుడు గొర్లు లేకపాయె. ఈ రెండు చేపలే దాని మంద. అవి పస్తుంటే అది ఎట్ల తింటది?"

స్వర్ణ తొట్టి ముందున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

ఎర్రయ్య గొంతు తగ్గించాడు. "ఇంకోటి... చాయ తాగేముందు నేను గూడ జర బన్నుముక్క ఏస్తనమ్మా."

"మీరు కూడానా!" స్వర్ణ గిర్రున భర్త వైపు తిరిగింది. ధర్మేందర్ చటుక్కున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఏమండీ?"

"రెండు మెతుకులే... తినేముందు. అలవాటు గద," అంది పేపరు వెనకనుంచి గొంతు.

"వాసనకు అన్నం సయించని మనిషి!" స్వర్ణ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇల్లంతా తన చేపలకు పెట్టుకునే తింటోంది. తానేమో దొంగను పట్టుకున్నట్టు ఒక్క ముసలమ్మ మీద విరుచుకుపడింది.

లోపలికి వెళ్లి దుర్గమ్మ చేతులు పట్టుకుంది. "తప్పు నాది అత్తమ్మా. వాటికేం కాదు, మీరు తినండి."

"వాటికి పెట్టినంక తింట బిడ్డా. నాకిది కొత్త గాదు."

"అయితే నేనూ అప్పుడే తింటాను."

కోడలు తిననంటే మామ కంచం పక్కకు జరిపాడు. తండ్రిని చూసి కొడుకూ జరిపాడు. చేపల పుణ్యమా అని ఇంటిల్లిపాదికీ పస్తు!

ఆదివారం పొద్దున రెండో సీసా కూడా నిండింది. రాళ్ల సందులు మళ్లీ కనబడుతున్నాయి. ధర్మేందర్ తొట్టి తీసేసే ఊసే ఎత్తలేదు. స్వర్ణ చిటికెడు మేత తెచ్చి దుర్గమ్మ అరచేతిలో పోసింది.

"ఇకనుంచి మేత మీ చేత్తోనే. పొద్దున ఒక్కసారి, ఇంతే. ఇంకెవరి చెయ్యీ పడకుండా కాపలా కూడా మీదే."

"ఈ మొగోళ్ల చెయ్యి తొట్లె పడితే కట్టె తీసుకుంట!" అంది దుర్గమ్మ. తండ్రీకొడుకులిద్దరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఆమె నీడ పడగానే చేపలు పైకి వచ్చాయి. "తినుండ్రి నాయినా, తినుండ్రి," అంటూ మెల్లగా చల్లింది. నీటి మీద ఆఖరి పలుకు అయిపోయేదాకా కదలకుండా చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఇటు తిరిగింది.

"స్వర్ణా, ఇగ పెట్టు బిడ్డా. బాగ ఆకలైతుంది."