శూన్యంలో చప్పుడు ఉండదు

ఆ ఇంట్లో సోమవారం పొద్దున టీ కంటే ముందు సినిమా మీద తీర్పు వచ్చేది. ఆదివారం చూసిన సినిమాను సోమవారం ఉతికి ఆరేయడం కెప్టెన్‌కు ఏళ్ల నాటి అలవాటు. కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడూ కాదు, విమానం నడిపేవాడూ కాదు. స్కూలు వ్యాను నడిపే అరవై దాటిన పెద్దమనిషి. దారి పొడుగునా అంతరిక్ష నౌకల కథలు చెబుతాడని వ్యాన్లో పిల్లలు పెట్టిన పేరు అది. రానురాను ఇంట్లోవాళ్ల నోటికీ అదే వచ్చేసింది.

మంచం కింద రెండు ట్రంకు పెట్టెల నిండా సైన్స్ ఫిక్షన్ కామిక్సులు. వాటి మీద ఆయనకు లేని అభిప్రాయం లేదు. మరమనిషి ఏడిస్తే ఆ కథ పక్కన పెట్టేయాలి. వేరే గ్రహం నుంచి దిగినవాడు దిగగానే మన భాష మాట్లాడితే, రాసినవాడికి బద్ధకం అని అర్థం. అన్నిటికంటే పెద్ద సూత్రం ఒకటుంది. గాలి లేనిచోట చప్పుడు ఉండదు. పేలిపోతున్న నౌక పక్కన పెద్ద అక్షరాలతో "ఢాం" అని వేశారని ఒక కామిక్సును గోడకేసి కొట్టాడు. మళ్లీ మనసొప్పక తనే కూర్చుని దాని వీపుకు గుడ్డ అతికించాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. ఆయనతో వాదానికి నిలబడేది వ్యాన్లో రెండు జడల పిల్ల ఒక్కతే. "ఢాం అని రాయకపోతే పేలిందని ఎలా తెలుస్తుంది తాతా?" అని ఆ పిల్ల అడిగినప్పుడు, "కళ్లతో చూడాలమ్మా" అని ఆ కామిక్సే చేతిలో పెట్టి పంపాడు.

నిన్న సినిమాకు కూతురు కూడా వెళ్లింది. అమ్మానాన్నలతో సినిమా అంటే ఆమెకు ఎప్పటినుంచో భయం. హాల్లో అమ్మ నోరు ఊరుకోదు. తెర మీద ఏది కనిపిస్తే అది నాన్న చెవిలో చెబుతూనే ఉంటుంది, వెనక వరసవాళ్లు విసుక్కుంటారు, ఈమె తల దించుకోవాల్సి వస్తుంది. అమ్మకు ఆయన పెట్టిన పేరే వసపిట్ట. నాలుగు రోజులుగా ఆ వసపిట్ట గొంతు జలుబుతో పూర్తిగా పూడుకుపోయింది. ఈసారైనా ప్రశాంతంగా చూడొచ్చని కూతురు ధైర్యం చేసింది.

"ఇంతకీ తీర్పు ఏంటి కెప్టెన్ గారూ?" అంది టీ కప్పు ఆయన ముందు పెడుతూ. చప్పుడే లేని ఆ సినిమా ముగింపు చూసినప్పుడే అనుకుంది, నాన్న ఎగిరి గంతేస్తాడని.

"మొదలు బాగుంది డాక్టరమ్మా. అంతరిక్ష స్టేషన్ పెద్ద మాట తీరు నాకు నచ్చింది." ఆమె మందుల షాపులో పనిచేస్తుంది కాబట్టి ఆయనకు డాక్టరమ్మ. "చివర్లోనే తుస్సుమనిపించారు. అంతసేపు ఊరించి, ఆఖర్న ఉత్త ఖాళీ. స్పీకర్లు పాడయ్యాయో, తీయడానికి ఏమీ దొరకలేదో."

"ఉత్త ఖాళీయా? అప్పుడు తెర మీద ఏముంది నాన్నా?"

"ఏముంటుంది? చీకటి."

ఆయన ఎప్పటిలా హాస్యమాడుతున్నాడనుకుని నవ్వబోయింది. వంటింటి సింకు దగ్గర అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించడం ఆపేసింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహం చూశాక కూతురికి నవ్వు రాలేదు.

కెప్టెన్ లేచాడు. అరచేయి గోడకు రాసుకుంటూ నడిచి, మేకుకున్న తాళాలు అందుకున్నాడు. అది ఆయన దర్జా అని ఇన్నాళ్లూ అనుకుంది కూతురు. అమ్మ గొంతుకు శాలువా చుట్టుకుని వెనకే బయల్దేరింది. పిల్లల్ని ఎక్కించడానికీ దించడానికీ ఆమె రోజూ వ్యాన్లో ముందు సీట్లో వెళుతుంది. ఒకసారి కూతురు కూడా ఆ వ్యాన్లో షాపు దాకా వెళ్లింది. "పాల దుకాణం షట్టరు తీశాడండీ, మెట్ల కింద కుక్క పడుకుంది, ఆ ఎర్ర స్కూటరావిడ ఎంత నెమ్మదిగా పోతోందో చూడండి, లారీవాడు ఆగాడు, ఇంకా కదల్లేదు" అని ఒకటే ధార. "కాస్త ఊపిరి తీసుకో అమ్మా" అని వేళాకోళం చేసింది అప్పుడు. ఆ మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా ఆమెకు గుర్తొచ్చాయి.

గబగబా వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నాన్నా, ఎదురింటి గేటు దగ్గర ఎవరున్నారో చెప్పు."

"తప్పుకో. పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"చెప్పి వెళ్లు."

కెప్టెన్ ఎదురింటి వైపు చూడలేదు. భార్య వైపు తిరిగాడు. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎదురింటి గేటు దగ్గర ఎవరూ లేరు. కూతురు ఆయన చేతిలోంచి తాళాలు తీసుకుంది. ఆయన వేళ్లు విడవడానికి ఇష్టపడలేదు.

"ఎప్పటినుంచి?" అంది.

"నీటికాసులట," అన్నాడు ఆయన. "ఏడాది దాటింది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం కనిపిస్తుంది. పక్కలకేమీ లేదు. వెలుతురు తగ్గితే ఆ కొంచెమూ లేదు."

"ఏడాదా? నేను రోజంతా మందుల మధ్యే ఉంటాను కదా నాన్నా. చుక్కల మందు ఎక్కడ కొంటున్నారు?"

"ఊరి చివర షాపులో," అని అమ్మ గొంతు కూడదీసుకుని గుసగుసగా అంది. "నీ దగ్గర కొంటే తెలిసిపోతుందని."

నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరూ నవ్వే మనిషి, ఏడాదిపాటు ఈ సంగతి నోట్లోనే దాచుకుంది. కూతురికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"వ్యాను నిండా పిల్లలమ్మా. ఎవరి పిల్లలనుకున్నారు?"

"ఈ ఏడాదిలో వ్యానుకు ఒక్క గీత పడిందా?" కెప్టెన్ గొంతు పెంచాడు. "ఒక్క పిల్లకు గోరంత దెబ్బ తగిలిందా? మీ అమ్మ కళ్లు, నా చేతులు. మంచి డ్రైవరుకు ఉండాల్సినవన్నీ మా ఇద్దరి దగ్గరా ఉన్నాయి."

"ఇవాళ అమ్మకు గొంతు లేదు."

"చిటికె వేస్తుంది. భుజం తడుతుంది. అన్నీ అనుకునే ఉన్నాం. గొంతు పోయిన రోజు నుంచీ అలాగే నడుపుతున్నాను."

"ఇప్పుడే పిల్లల ఇళ్లకు ఫోన్ చేస్తున్నాను."

ఆ మాటతో ఆయనలో బిగువు సడలింది. "అంత పని చేయకు తల్లీ," అన్నాడు. "ఆ సీట్లో కూర్చున్నంతసేపే నేను కెప్టెన్ని. దిగితే మంచం పట్టుకుని వేలాడే ముసలాణ్ణి. ఈ పరీక్షలయ్యే దాకా నడిపి మానేస్తాను. తాళాలు ఇలా ఇవ్వు."

చాచిన ఆ చేతిని చూస్తే కూతురికి మనసు కరిగిపోయింది. సైకిలు నేర్పిన చెయ్యి, కామిక్సులో బొమ్మ మీద వేలు పెట్టి అక్షరాలు దిద్దించిన చెయ్యి. ఒక్క క్షణం ఇచ్చేసేదే. అంతలో అమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"శుక్రవారం మీరు వ్యాను ఎక్కించింది రాయి మీద కాదండీ," అంది. ఒక్కో మాటకూ ఆగాల్సి వస్తోంది ఆమెకు.

"ఏ రాయి? స్కూలు గేటు దగ్గరదా? రాయేనా అంటే చిటికె వేశావుగా."

అమ్మ లోపలికి వెళ్లింది. అటక కింద పాత దుప్పట్ల వెనక నుంచి ఒక పుస్తకాల సంచి తీసుకొచ్చి, ఆయనను గుమ్మం పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టింది. దాని మీద అడ్డంగా టైరు అచ్చు. కెప్టెన్ చేతులతో తడిమాడు. లోపల తిండి డబ్బా రొట్టెలా చదునైపోయి ఉంది. నీళ్ల సీసా ముక్కలు వేళ్లకు గుచ్చుకున్నాయి. అట్టలు నలిగిన ఒక పుస్తకం తగిలింది. దాని వీపు మీద వేలితో రాసి చూసి ఆగిపోయాడు. గరుకు గుడ్డ. ఆయన అతికించిందే.

"రెండు జడల పిల్లది," అన్నాడు మెల్లగా.

"వ్యాను ఎక్కడానికి వస్తూ, బూటు తాడు ఊడిందని సంచి కింద పెట్టి వంగిందండీ. ఎడం చక్రం ముందు. నేను అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. అద్దం మీద బాదాను. వెనక పిల్లల గోలలో మీకు తెలియలేదు. భుజం తట్టాలని తోచనే లేదు. ఆ పిల్ల తనంతట తను లేచి పక్కకు గెంతింది. లేదంటే..." అమ్మ శాలువా బిగించుకుంది. "తాతకు చెప్పకమ్మా అని బతిమాలి కొత్త సంచి కొనిచ్చాను. చెప్పనంది. చెప్పలేదు కూడా. మర్నాడు మీ వెనకే కూర్చుని కథ వింది. నేను ఆ మర్నాడూ మిమ్మల్ని ఆపలేదండీ. ఆపితే మీరేమైపోతారో అని భయపడ్డాను. ఆ పిల్ల ఏమైపోయేదో అని మాత్రం ఆలోచించలేదు."

కెప్టెన్ ఆ చదునైన డబ్బా మూతను నిమిరాడు. తర్వాత, "ఫోన్ చెయ్యి డాక్టరమ్మా," అన్నాడు. "ముందు ఆ పిల్ల ఇంటికి. నేనే మాట్లాడతాను."

మాట్లాడాడు. అవతల ఆ పిల్ల తండ్రి మొదట నమ్మలేదు. నమ్మాక పది మాటలు అన్నాడు, అరగంటలో బండి మీద వచ్చి వీధిలో నిలబడి మరో ఇరవై అన్నాడు. కూతురు అడ్డం వెళ్లబోతే కెప్టెన్ వద్దన్నాడు. తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆ తండ్రి అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే అది భరించడం ఎవరి వల్లా కాలేదు. మిగతా ఇళ్లకు కూతురు ఫోన్ చేసింది. పిల్లల్ని వేరే వ్యానువాడు తీసుకెళ్లాడు. సందు చివర ఆ వ్యాను హారన్ వినిపించినప్పుడు కెప్టెన్ మొహం అటు తిప్పి మళ్లీ దించుకున్నాడు.

మధ్యాహ్నం ఎవరికీ అన్నం సయించలేదు. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని ట్రంకు పెట్టె మూత తీసి ఉంచాడు గానీ, ఒక్క పుస్తకమూ పైకి తీయలేదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నిన్నటి సినిమా," అన్నాడు ఆయన. "చివర్లో ఏముందే?"

అంతరిక్షమూ ఆకాశమూ అంటే మొహం తిప్పుకునే మనిషి, ఆయన కోసమే అన్ని సినిమాలూ చూసిన మనిషి, దగ్గరగా జరిగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"స్టేషన్ పెద్ద బయటే ఉండిపోతాడండీ. తలుపు బయటినుంచి మూస్తే గానీ నౌక కదలదు. అది ఆయనకొక్కడికే తెలుసు. మూసేసి అద్దంలోంచి లోపలివాళ్లకు చెయ్యి ఊపుతాడు. వాళ్లు అద్దం మీద రెండు చేతులతో బాదుతారు, నోళ్లు తెరిచి అరుస్తారు. ఆయనకు ఒక్కటీ వినపడదు. వాళ్లు దూరమైపోతుంటారు, ఆయన ఊపుతూనే ఉంటాడు."

"చప్పుడు ఏమాత్రం పెట్టలేదా?"

"లేదండీ. చాలాసేపు. హాల్లో ఎవ్వరూ కదల్లేదు. మీకు చెప్పాలని ఎంత ప్రయత్నించానో. నిన్న గుసగుస కూడా రాలేదు."

కెప్టెన్ ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

"అయితే సరిగ్గానే తీశాడు," అన్నాడు. "పొద్దున నేను చెప్పిందే తప్పు."