ఎడమ కింది గది

మూడో దెబ్బ కూడా ఎడమ పక్కటెముకల మీదికే వచ్చింది. ఏజెంట్ మోచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ‘గోడ’ అంటారు. ఇవాళ ఆ గోడ బీటలు వారుతోంది. నుదుటి రక్తం కంట్లోకి దిగుతోంది. పిస్టల్ ఎప్పుడో ఎగిరి వాషింగ్ మెషీన్ కిందికి పోయింది.

హోటల్ లాండ్రీ నిండా ఆవిరి. ఇస్త్రీ బల్ల మీద ట్రాన్స్‌మిటర్ దీపం ఎర్రగా వెలుగుతోంది. సరిగ్గా పన్నెండింటికి, పరాయి దేశంలో మారువేషాల్లో బతుకుతున్న పదకొండు మంది ఏజెంట్ల చిరునామాలు అందులోంచి శత్రుముఠాకి వెళ్లిపోతాయి. దాన్ని ఆపే కీ, ముఠాకి అమ్ముడుపోయిన మనవాళ్లెవరో ఒకరి దగ్గరుంది. ఇంకా రెండు నిమిషాలు.

లాండ్రీ యూనిఫాంలో ఉన్న హంతకుడు నాలుగోసారీ ఎడమకే గురిపెట్టాడు. గోడ పక్కకి జరిగి వాడి గొంతు మీద మోచేత్తో పొడిచాడు. వాడు దుప్పట్ల బండిలో కూలబడ్డాడు.

“ఎడమ కింది గది విరిగిందన్నారే...” అని గొణిగి స్పృహ తప్పాడు.

ఏదీ విరగలేదు. అది ద్రోహిని పట్టడానికి వేసిన ఎర. పోయిన వారం గోడ ఇద్దరి ముందు మాత్రమే నొప్పి నటించాడు. ముఠా క్లబ్బులో పాడుతూ మనకి కబుర్లు మోసే గాయని ముందు ఎడమ పక్కటెముకలు పట్టుకున్నాడు. చీఫ్ ముందు కుడివైపు పట్టుకున్నాడు. చీఫ్ స్వయానా అతని అక్క మొగుడు.

తలుపు తెరుచుకుంది. ముందు గాయని, ఆమె వెన్నులో పిస్టల్ ఆనించి చీఫ్.

“ఇదే ద్రోహి, బామ్మర్దీ. కీ ఎక్కడో దాచింది. ఊ అను, కాల్చేస్తాను.”

“వెతుక్కోండి. ఈ గౌనులో కీ దాచే చోటుంటే దర్జీకి దండం పెడతాను,” అంది గాయని.

దెబ్బలన్నీ ఎడమకే వచ్చాయి. అంటే ఆమే. నలభై సెకన్లు. గోడ నోటి చివర ‘ఊ’ ఆగింది.

గది. హంతకుడి నోట వచ్చిన మాట.

ఒంటిని నాలుగు గదులుగా చూడమన్నది అతనికి పోరు నేర్పిన గురువుగారు. ముక్కు నుంచి బొడ్డు దాకా ఒక గీత, మోచేతుల దగ్గర అడ్డంగా ఇంకో గీత. ఏ చెయ్యి దాని గదులకే తలుపు; గీత దాటిందా, సొంత గది ఖాళీ. గదుల పేర్లు మాత్రం ఎదుటివాడి కళ్లతో చెప్పాలి. నా కుడి నీకు ఎడమ. గాయని ఆ గురువుగారి గడప తొక్కలేదు. తొక్కింది ఇద్దరే: తనూ, బావా.

“బావా, నాకు ఎక్కడ విరిగింది?”

“ఎడమ కింది గది. ఇప్పుడదా సంగతి?”

“నేను పట్టుకుంది కుడివైపు, బావా. వాడికి మన లెక్క తెలీదు. నువ్వన్న ‘ఎడమ’ నా ఎడమే అనుకుని కొట్టాడు.”

పిస్టల్ గోడవైపు తిరిగింది. చీఫ్ కుడిచెయ్యి గీత దాటింది. ఎనిమిదేళ్లు గురువుగారు తిట్టిన తప్పు. గోడ ఆ చేతి కిందుగా దూరి, తలుపు లేని గదిలోకి మోకాలు దింపాడు. గుండు సీలింగులోకి పోయింది. చీఫ్ మెడగొలుసుకి వేలాడుతున్న కీ తెంపి ట్రాన్స్‌మిటర్‌లో తిప్పాడు. ఇంకా రెండు సెకన్లుండగా దీపం ఆరింది.

చెవిలో కంట్రోల్ రూమ్ గొంతు: “ద్రోహి ఎవరు?”

గోడ కంట్లో రక్తం తుడుచుకున్నాడు.

“మా బావ. అక్కకి మాత్రం మీరే చెప్పండి సార్. అక్కడ నాకు ఏ గదికీ తలుపు లేదు.”